స్కైలాబును సైలాబును

లోకము ఏడు దినములలో నశింపనున్నదని తెలిసినచో మనుజుడేమి చేయును? ఈ ప్రశ్నకు మన పౌరాణికులు ఎన్నడో యుత్తరము చెప్పియున్నారు. పరీక్షిన్మహారాజు తనకు ఏడు దినములే గడువున్నదని తెలిసికొని గంగాతీరమున గూర్చుండి భాగవతము వినెను. ఆ కథను మనము భక్తితో వినుచున్నాము, పిల్లలకు వినిపించుచున్నాము. కాని పరీక్షిత్తునకు రాజ్యమును చూచుకొను కుమారుడుండెను, అప్పులు లేవు, ఆషాఢమాసపు విత్తుబడి పని లేదు. అప్పులును, విత్తుబడియును, పెండ్లికెదిగిన కూతురును గల సామాన్య గృహస్థునకు ఏడు దినముల గడువిచ్చి చూచినప్పుడు గదా నిజము తెలియును! చదువరులారా, అట్టి పరీక్ష మా ప్రాంతమున ఒకమారు జరిగినది. ఫలితమును నేను కన్నులార చూచితిని. మావారు కోళ్ళను కోసికొని తినిరి.

నవ్వవలదని చెప్పను. నవ్వవలసిన విషయమే. ఆ నవ్వు ఎంతదూరము పోవచ్చునో, ఎక్కడ ఆగవలెనో, దానినిగూర్చియే నాకు కొంత చెప్పవలసియున్నది.

లోకాంతమను వదంతి మన దేశమునకు క్రొత్తది కాదు. 1910 మే నెలలో హేలీ తోకచుక్క వచ్చెను. ఆ నెల 18, 19 తేదీలలో భూమి దాని తోకలోనుండి పోవునని ఖగోళజ్ఞులు లెక్కగట్టిరి. ఆ తోకలో విషవాయువు గలదని మఱికొందఱు కనుగొనిరి. ఈ రెంటిని కలిపి పత్రికలవారు మూడవదానిని వండిరి. పశ్చిమ దేశములలో తోకచుక్క విషమునకు విరుగుడని మాత్రలమ్మి కొందఱు ధనము గడించిరి. ఆ యేటనే మన గురజాడ అప్పారావుగారు ‘ముత్యాల సరములు’ వ్రాసిరి. లోకము కీడునకు గుర్తని భయపడు చుక్కను ఆయన రానున్న మంచి మార్పునకు గుర్తుగా జూచి ఎదురేగెను. ప్రళయమునెదుట వణకుట యొక్కటియే మార్గము కాదని నాకు మొదట తెలిపినది ఆ రచనయే. ఆ తరువాత 1962 ఫిబ్రవరి 3 మొదలు 5 వఱకు అష్టగ్రహకూటమి. సూర్యచంద్రులు, కుజ బుధ గురు శుక్ర శనులు, కేతువు, ఈ యెనమండుగురును మకరరాశిలో చేరిరి. దేశమంతట యజ్ఞములు జరిగెను. బిడ్డల గిన్నెలలో పడవలసిన నేయి హోమగుండములలో పడెను. గ్రహములు తమ త్రోవను తాము పోయినవి. అవి విడిపోయిన రెండు వారములకే సార్వత్రికపు టెన్నికలు మొదలయ్యెను. ప్రళయమునుండి బయటపడినవారందఱును వెళ్ళి ఓట్లు వేసిరి.

ఇక 1979. సిద్ధార్థినామ సంవత్సరము. అమెరికావారు 1973 మే 14వ తేదీన ఆకాశమునకు పంపిన స్కైలాబను ప్రయోగశాల ఆరేండ్లు భూమి చుట్టును తిరిగి క్రిందికి దిగజారుచుండెను. దాని బరువు సుమారు 77 టన్నులు. ముమ్మారు ముగ్గురేసి మనుష్యులు దానిలో కాపురముండిరి. 1974 ఫిబ్రవరిలో కడపటివారు ఇల్లు ఖాళీచేసి దిగివచ్చిరి. ఆపై సూర్యునిలో అలజడి హెచ్చెను. పై వాయుమండలము వేడికి ఉబ్బెను. ఆ రాపిడికి స్కైలాబు వేగము తగ్గెను. దానిని మరల పైకి నెట్టుటకు తలపెట్టిన వాహనము సకాలమునకు సిద్ధము కాలేదు. అది తొలిసారి ఎగిరినది 1981లో. కావున పడుట నిశ్చయము. ఎక్కడ పడునో మాత్రము పంపినవారికిని తెలియదు. ఎవడో యొక మనుజునకు దాని తునుక తగులుటకు 152లో ఒక పాలు అవకాశమున్నదని వారు లెక్క చెప్పిరి. ఈ లెక్క సముద్రములు దాటి, పట్టణములు దాటి, మా పల్లెలకు వచ్చునప్పటికి 152 త్రోవలో రాలిపోయి ఒకటి మాత్రము మిగిలెను.

మా బల్మూరు నల్లమల యడవి యంచున నున్నది. నేడు నాగర్‌కర్నూలు జిల్లాలో నొక మండలమునకు కేంద్రము. ఆ దినములలో మహబూబునగరము జిల్లాలోని యొక గ్రామము. సంతకును వైద్యమునకును అచ్చంపేట పోవలెను; పుణ్యమునకు శ్రీశైలము పోవలెను. వర్షమును కనిపెట్టుకొన్న నేలలు. జొన్న, ఆముదము, వేరుసెనగ. వర్షము తప్పినయేడు తలుపులకు కంపలు వేసి, మేస్త్రీల వెంట దూరదేశములకు కాలువల పనులకు, ఆనకట్టల పనులకు పోవుట మావారికి తరతరముల వాడుక. పాలమూరి కూలి చేయి పడని పెద్ద యానకట్ట దేశములో అరుదని చెప్పుదురు. ఈ మాట మరల వచ్చును గనుక చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

మా యూరిలో నిజాము కాలమున ఉర్దూ చదివిన ముసలివారు కొందఱుండిరి. రేడియోలో ‘స్కైలాబ్’ అని వచ్చుట తడవుగా వారికి వినబడినది ‘సైలాబ్’. సైలాబనగా ఉర్దూలో వఱద. కావున అమెరికావారు ఆకాశమునుండి వఱదను వదలుచున్నారని యొక పక్షము బయలుదేరెను. కాదు, ఇనుప యిల్లు పడునని రెండవ పక్షము. వఱద పక్షమువారు మిద్దెల నెక్కవలెననిరి. ఇనుము పక్షమువారు మిద్దెలు దిగవలెననిరి. రచ్చకట్టకడ పూటపూటకును వాదము జరిగెను. పండితుల వాదములవలెనే దీనిలోను ఎవరు నెగ్గిరో తేలలేదు. ఇరు పక్షములవారును ఏకగ్రీవముగా ఒప్పుకొన్న దొక్కటియే: కోళ్ళను మిగుల్పరాదు.

అప్పుడు నాకు తొమ్మిదవయేడు. భయము నాకును కలదు. కాని కోడికూర వాసన భయముకంటె బలమైనది. ఆ వారములో మా వాడలో కోడి కూయని యుదయము నొకదానిని విని మా నాయనమ్మ తెల్లవాఱినదో లేదో తెలియక చాలసేపు మంచములోనే యుండెను. కోళ్ళ ధర మొదట పెరిగెను, పిదప ఇంకను పెరిగెను. ఇచ్చట నొక ధర్మసూక్ష్మము గలదు. లోకము బుధవారమున నశించునప్పుడు కొనువాడు రూపాయలను విడుచుట తెలివియే. ఆ రూపాయలను పుచ్చుకొన్న అమ్మువాని మాటయేమి? వానికి లోకాంతమునందు నమ్మకము లేదనవలెను, లేదా నమ్మకమున్నను అలవాటు పోలేదనవలెను. అమ్మువాడు కొనువానికంటె ఒకింత తక్కువగా నమ్మినందువలననే మా యూరి వ్యాపారము కడపటి దినమువఱకు నడచెను.

అప్పులవారి సంగతి చెప్పకున్న ఈ కథ సగమే. మా వీధిలో జరిగిన సంభాషణ నొకదానిని ఉన్నదున్నట్లుగా వ్రాయుచున్నాను.

“బుధారం లోపల నా బాకి గట్టాలె.”

“బుధారం లోకమే పోతదంట గద షావుకారీ! పైసలేం జేస్కుంటవు?”

“లోకం పోతె పోనీ. లెక్క పోతదా?”

ఈ షావుకారి కడకే మఱునాడొకడు మేకపోతును కొనుటకు అప్పడుగవచ్చెను. “లోకం పోతుంటె ఎవనికి వడ్తవురా అప్పు?” అని వానిని పంపివేసెను. వసూలు చేయునప్పుడు లోకము నిలుచునని, ఇచ్చునప్పుడు లోకము పోవునని నమ్మగలుగుట సామాన్యమైన శక్తి కాదు. తరువాతి కాలమున నేను పట్టణములో కొన్ని ఉద్యోగములు చేసి, పెద్దవారు అనిపించుకొన్నవారిని చూచినప్పుడు, ఆ శక్తి వారిలో పెక్కుమందికి గలదని గ్రహించితిని.

మా పొరుగున నొక పల్లెలో ఊరంతయు ఒక్కటిగా చచ్చుచున్నాము గనుక ఊరంతయు ఒక్కటిగా తినవలెనని పెద్దలు తీర్మానించిరి. ఇంటింటికి చందా వేసి రెండు పొట్టేళ్ళను కోసిరి. చింతచెట్టు క్రింద వంట. కడపటి భోజనము! అయినను మాల మాదిగలకు చెట్టునకు ఆవలనే విస్తళ్ళు పడినవి. పటేలు నింట జీతమున్న కుఱ్ఱవాడొకడు విస్తరి ముందు కూర్చుండి అడిగెనట: “పైకెల్లి వడే ఇనుము గూడ రెండు తీర్ల వడ్తదా పటేలా?” ఆ పంక్తివారు నవ్విరి, ఈ పంక్తివారు నవ్వలేదు. ఆ కుఱ్ఱవాడు నేడు డెబ్బది దాటిన వృద్ధుడు. ఆ మాట తానే యంటినని ఇప్పటికిని చెప్పుకొని నవ్వును. ఆ మాటకుగాను పటేలు తన జీతములో కుంచెడు జొన్నలు కోసెనని చెప్పునప్పుడు మాత్రము నవ్వడు. వెట్టిచాకిరిని రద్దుపఱచు చట్టము 1976లోనే వచ్చియుండెను. అదియు స్కైలాబువలెనే పైన తిరుగుచుండెను గాని మా పల్లెలలో ఇంకను పడలేదు.

మా మేనత్తను కృష్ణ యొడ్డున నున్న యొక పల్లెకిచ్చిరి. ఆమె సోమవారమునాడు తన యిద్దఱు పిల్లలను, గంపలో రెండు కోళ్ళను తీసికొని మా యింటికి వచ్చెను. మా నాయన ఆశ్చర్యపడి “ఏంది చెల్లె, చెప్పకుంట వస్తివి?” అని యడిగెను. “ఏట్ల సచ్చినా సచ్చుడే గదన్నా, పుట్టింట్ల సస్త” అని ఆమె గంప దించెను. మామ రాలేదు. ఆయన శ్రీశైలము ఆనకట్ట పనిలో రాళ్ళు మోయుచుండెను; లోకాంతమునకు సెలవు దొరకలేదు.

ఆ రాత్రి మా యింట కోళ్ళు కోయబడిన వెనుక పిల్లలమందఱము వేయించిన వేరుసెనగలు కావలెనని మారాము చేసితిమి. ఇంట నున్నవి విత్తనపు గింజలే. అటుక మీద కుండలో మూతికి గుడ్డ కట్టియున్నవి. అదివఱకే మా వాడలో సగము ఇండ్లలో విత్తనములు మంగలములోనికి దిగియుండెను. రేపు లేని లోకమున విత్తనమేల? మా మేనత్తయు పిల్లలను జూచి “తియ్యరాదే అమ్మా, ఇంక ఏం జేస్కుంటవు?” అని యడిగెను. మా నాయనమ్మ నిచ్చెన మీద చేయి వేసి నిలువబడి యిట్లనెను: “లోకం పోతె పోతది బిడ్డా. పోకపోతె ఇత్తునాలు యాడికెల్లి తెస్తవు?”

ఆమెకు అక్షరము రాదు. కాలజ్ఞానమునందు ఆమెకు గాఢమైన నమ్మకము. బ్రహ్మంగారు చెప్పినది జరిగితీరునని ఎన్నిమార్లో చెప్పియుండెను. సైలాబు పక్షమున ఆమెయే ప్రధానురాలు. అయినను కుండ దిగలేదు. నమ్మకమొక చోట, చేయి యొక చోట! ఈ రెండును ఒక్క మనిషిలో ఎట్లు ఇమిడియుండునో నాకు ఏ శాస్త్రమును చెప్పలేదు.

జూలై 11, బుధవారము. ఆషాఢ బహుళము మొదలైన దినములు. మబ్బుల నడుమ వెన్నెల. ఇంటిలో పడుకొన్న పైకప్పు మీద పడును, బయట పడుకొన్న నేరుగా తల మీద పడును అని చర్చించి, తుదకు సగము దేహము వసారాలోను, సగము వాకిటను ఉండునట్లు పక్కలు వేసికొంటిమి. మనకు రాత్రి పది దాటిన వేళ స్కైలాబు వాయుమండలములో ప్రవేశించి ముక్కలయ్యెను. ముక్కలు హిందూమహాసముద్రములోను, పశ్చిమాస్ట్రేలియాలోను రాలినవి. ఒక్క ప్రాణికిని హాని జరిగినట్లు తెలియలేదు. అచ్చటి ఎస్పరెన్సు అను పురమువారు వీధులలో చెత్త వేసినందుకుగాను అమెరికా ప్రభుత్వ సంస్థకు 400 డాలర్ల జరిమానా వేసిరి! పదునేడేండ్ల యాస్ట్రేలియా బాలుడొకడు తన యింటి కప్పు మీద పడిన మాడిన తునుకలను పట్టుకొని సాన్‌ఫ్రాన్సిస్కోకు పోయి ఒక పత్రిక ప్రకటించిన 10,000 డాలర్ల బహుమానమును గెలుచుకొనెను. లోకాంతమువలన లాభపడినవారిలో ఈ బాలుడు ఎన్నదగినవాడు.

మఱునాడు మా యూరిలో కోళ్ళు లేవు, అప్పులున్నవి. ఆకాశము వైపు చూచి నవ్వినవారు నేల వైపు చూచి ఏడ్చిరి, ఎందుకనగా పదును దాటిపోవుచుండెను. విత్తనములు తినినవారు షావుకారి కడకే పోయి నాగునకు తెచ్చుకొనిరి. తెచ్చిన దానికి సగము చేర్చి పంటలో కొలువవలెను. మా నాయనమ్మ కుండలోని గింజలు మా చేనికి సరిపోయెను.

ఈ సంగతులను నేను పట్టణమున చదువుకొన్నవారి నడుమ చెప్పినప్పుడెల్ల పెద్ద నవ్వు పుట్టును. “ఎంతటి మూఢులండీ!” అని యొకరనుట, మిగిలినవారు తలలూపుట మామూలు. నాకు ఆ నవ్వు రుచింపదు. ఎక్కడ పడునో చెప్పలేనివారు హూస్టనులోను ఉండిరి, బల్మూరులోను ఉండిరి. తెలియనితనము ఇరువుర యందును సమానమే. హూస్టనువారి తెలియనితనమునకు లెక్కలుండెను, మావారి తెలియనితనమునకు కోళ్ళుండెను. పైగా చదువుకొన్నవారి లోకాంతములు వేఱుగా నుండునా? 2020 మార్చిలో ఊళ్ళ దారులకు అడ్డముగా ముళ్ళకంపలు వేసినది పల్లెవారు. దుకాణములలో పప్పు, ఉప్పు, సబ్బులు ఖాళీచేసినది పట్టణమువారు. ఆ యేడు మే 6వ తేదీన మన రాష్ట్రమున మద్యపు దుకాణములు తెఱచినప్పుడు బారులు తీరి నిలిచినవారిలో పట్టభద్రులు లేకుండిరని ఎవరైనను చెప్పగలరా?

ఇట్టి విషయము మన నవలాకారులకు చిక్కకుండుట వింత. తెలుగున వఱదను, కఱవును, తుపానును గూర్చి కన్నీటి నవలలు గలవు. భయములో నవ్వును, నవ్వులో భయమును కలిపి సామాన్యులు లోకాంతమునెదుట ఎట్లు నిలుచుదురో చూపిన పెద్ద నవల నా కంటబడలేదు. సినిమావారు మాత్రము ఈ పనికి పూనుకొనిరి. విశ్వక్ ఖండేరావుగారి దర్శకత్వమున 2021 డిసెంబరు 4వ తేదీన ‘స్కైలాబ్’ అను చిత్రము వచ్చెను. 1979లో బండలింగంపల్లి యను పల్లె. పత్రికలో తన పేరు అచ్చు కావలెనని తపించు దొరలబిడ్డ యొకతె, ఆసుపత్రి పెట్టి గడింపవలెనను వైద్యుడొకడు, అప్పులలో మునిగిన పూర్వపు సుబేదారు వంశీకుడొకడు. ఆకాశము కూలుచున్నను ఈ మువ్వురిలో ఎవరును తమ సొంత పనిని విడువరు. హాస్యమునకు మూలమిదియే. అది పట్టుకొన్నందుకు ఆ చిత్రమును నేను మెచ్చుకొందును. అయితే రెండు గంటల చిత్రమున లోకము నిలిచిన వెంటనే తెర పడవలెను. నా కథకు అక్కడనే రెండవభాగము మొదలగుచున్నది.

రెండవభాగమును చెప్పుటకు ముందు ఒక చెకోస్లోవేకియా నవలను తలవవలెను. కారెల్ చాపెక్ అనునాయన 1936లో ప్రకటించినది. ‘నీటిబల్లులతో యుద్ధము’ అని దాని పేరును తెలిగింపవచ్చును. ఒక యోడ కప్తాను తూర్పు సముద్రమున తెలివిగల నీటిబల్లులను కనుగొనును. అవి ముత్యములు తీయగలవు. ఒక ధనికుని యాశ్రయించి వ్యాపారము పెట్టును. బల్లులు పెరుగును, వానికి పనిముట్లు ఇత్తురు, ఆయుధములు ఇత్తురు, కొనుటయు అమ్ముటయు సాగును. తుదకు అవి తమకు నీరు చాలదని తీరములను త్రవ్వి భూఖండములను ముంచనారంభించును. ఈ మహాప్రళయములో నాకు మఱపురానివాడు పొవోంద్ర యను ద్వారపాలకుడు. ఆ ధనికుని వాకిట కాపలా. మొదటి దినమున చింపిరి కప్తానును గెంటివేయక లోనికి విడిచినవాడతడే. ఆ యొక్క పని చేసినందుకు అతడు మొదట గర్వపడును, బల్లులను గూర్చిన పత్రికాముక్కలను కత్తిరించి దాచుకొనును. ముసలితనమున ప్రాగు నగరపు నదిలో నల్లని తల యొకటి తేలుట చూచి, ఇదంతయు నావలననే జరిగినదని క్రుంగిపోవును. ధనికునకు ఆ బాధ లేదు. ప్రభుత్వములకు లేదు. తలుపు తీసినవానికి ఉన్నది.

పొవోంద్రను చదివినప్పుడు నాకు మా మామ కనబడెను.

శ్రీశైలము ఆనకట్టకు 1963 జూలై 24న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. పని ఇరువదియేండ్లకు దగ్గరగా సాగెను. నీరు నిలిచినచో కృష్ణకు ఇరుదరుల కర్నూలు, మహబూబునగరము జిల్లాలలో నూటికి పైగా పల్లెలు మునుగునని కాగితములలో ముందునుండియు ఉన్నది. ఇచ్చట 152లో ఒక పాలను సందేహము లేదు. ఏ పల్లె, ఏ సర్వే నంబరు, ఎన్ని యడుగుల నీరు, అంతయు తెలిసినదే. అయినను స్కైలాబునకు కోళ్ళు కోసికొన్న మావారు దీనికి కోయలేదు. రేడియో భయపెట్టలేదు. రచ్చకట్టకడ వాదము లేదు. ఊరు మునుగునని అమీను వచ్చి చెప్పినప్పుడు “గింత నది ఎట్ల మునుగుతది?” అని నవ్విరట. ఆకాశము కూలునన్న నమ్మినవారు కాగితము కూల్చునన్న నమ్మలేదు.

1981 జూన్‌లో ఖాళీ చేయని ఇండ్లను కూల్చు పని జరిగెను. దానికి ఇంగ్లీషులో సైన్యమువారు పెట్టుకొనునట్టి పేరు గూడ పెట్టిరి: ‘ఆపరేషన్ డిమాలిషన్’. లక్షకు పైబడిన జనులు లేచిపోయిరి. అదే కాలమున గుడులను కాపాడు పనియు జరిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయి విప్పి, అంకెలు వేసి, అలంపురములో మరల కట్టిరి. సోమశిల, జటప్రోలు గుడులను ఎత్తు నేలకు చేర్చిరి. మంచి పనియే, వేయేండ్ల శిల్పము నీటిపాలు కాలేదని నేనును సంతోషింతును. ప్రతి రాతికిని అంకె వేసి, అది ఏ రాతి ప్రక్క నుండెనో చూచి ఆ రాతి ప్రక్కనే నిలిపిరి. ఊళ్ళకు అట్టి అంకెలు లేవు. ఎవని ప్రక్క నెవడుండెనో చూచినవారు లేరు. ఒక వాడలోని వారు నాలుగు తాలూకాలలో చెల్లాచెదరైరి. నిర్వాసితుల కుటుంబములలో ఒకరికి ఉద్యోగమని 1986లో 98వ నంబరు ఉత్తర్వు వచ్చెను. దానికై తిరిగిన యువకులు తిరుగుచుండగనే ముసలివారైరి.

మా మేనత్త రెండవమారు మా యింటికి వచ్చినది ఆ వేసవి చివరను. ఈ మారు గంపలో కోళ్ళు లేవు. ఎడ్లబండి మీద దూలములు, తలుపులు, విసుఱురాయి, మామ చేతులతో చెక్కించిన ద్వారబంధము. కూల్చువారు రాకముందే విప్పుకొని తెచ్చుకొనిరి. మా నాయనమ్మ బండిని చూచి చాలసేపు మాటాడలేదు. పిదప ఎవరితోననిగాక “సైలాబొచ్చె” అనెను. రెండేండ్ల క్రింద ఆ మాటను విని వాడ వాడంతయు నవ్వినది. ఈ మారు ఎవరును నవ్వలేదు, వాదింపనులేదు.

మామ మఱి పదునైదేండ్లు జీవించెను. ఆయన మాటకారి, ఆనకట్ట పనిలో మేస్త్రీలను, కాంట్రాక్టర్లను అనుకరించి చెప్పుచుండగా మేము కడుపుబ్బ నవ్వుచుంటిమి. ఆ పని యయిన సంవత్సరము తనకు రెండు ధోవతులు, ఒక కంబళి కొనుక్కొనునంత కూలి మిగిలినదని లెక్కచెప్పును. ఒకనాటి సాయంకాలము నేను సెలవులకు వచ్చియుండగా, ప్రాజెక్టు నిండినదని రేడియోలో చెప్పుచుండిరి. ఆయన బీడి ఆర్పి, నావైపు చూడకయే, “నేను మోసిన రాళ్ళే అల్లుడా, నీళ్ళను ఆపింది” అనెను. అందులో కొంత గర్వము గూడ నుండెను. నేను దానికి ఉత్తరము వెదకితిని. ఒక్కడు మోసిన రాళ్ళతో ఆనకట్ట నిలువదు మామా, నీవు మోయకున్న మఱియొకడు మోసెడివాడు, అని చెప్పితిని. ఆయన తలయూపి, “మోసెటోడే. వాని ఇల్లు గూడ మునిగేది” అని మరల బీడి వెలిగించెను.

నవల వ్రాయువాడెవడైన నా మాట వినునేని, మొదటిభాగమున కోళ్ళను, షావుకారిని, రెండు పంక్తులను, సగము దేహము వాకిట వేసి పడుకొన్న రాత్రిని వ్రాయుమని చెప్పుదును. కడుపార నవ్వింపవలెను, మూఢులని మాత్రము నవ్వింపరాదు. రెండవభాగమున నవ్వును ఒక్కమారుగా తీసివేయవలదు. ఇల్లు విప్పుచు గూడ మావారు ఛలోక్తులు విసరుకొనిరని మా మేనత్తయే చెప్పినది. కూల్చవచ్చిన కూలీలు ఎండకు సొమ్మసిల్లగా మజ్జిగ పోసి, “మా ఇల్లు గట్టిగుంటది, నిమ్మళంగ కూల్చుండ్రి” అని చెప్పినదట. ఈ మాటను నేనెన్నిమార్లు తలచుకొన్నను ఇది నవ్వో, కోపమో, మర్యాదయో తేల్చుకొనలేకున్నాను.

వేసవిలో శ్రీశైలము జలాశయపు నీరు తగ్గినప్పుడు మునిగిన నేలలు బయటపడును. నల్లని ఒండ్రు. పాత ఊళ్ళవారు కొందఱు వచ్చి, గట్లు లేని ఆ నేలలో ఇది మాది యనుకొన్న చోట నాలుగు గింజలు చల్లి, నీరు మరల వచ్చులోపల కోసికొని పోవుట కలదు. మా మేనత్త కొడుకు కొన్నియేండ్లు అట్లు పోయివచ్చెను. మొదటి యేడు విత్తనమునకు మా నాయనమ్మ కుండలోని గింజలనే తీసికొనిపోయెను. ద్వారబంధము మాత్రము మా పశువులకొట్టమున నున్నది. దాని కొలతకు సరిపడు వాకిలిని మా వారెవరును మరల కట్టలేదు. తలుపు లేని ఆ చట్రము గోడకు చేరగిలబెట్టి యుండగా కోళ్ళు రాత్రులు దానిమీద పడుకొనును.